ఏమీ లేని చోట ఒక రాత్రి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి నా ముందు ఇద్దరు మాట్లాడారు. హెల్త్ కార్డుల గురించి నా తర్వాత ఇంకొకరు మాట్లాడతారు. అందుకని కార్యదర్శి గారు, "మధ్యలో మీరు కాస్త తేలికపాటి విషయం చెప్పండి, అమెరికా వెళ్ళొచ్చారు కదా" అన్నారు. నయాగరా గురించి, వైట్‌హౌస్ గురించి ఈ హాల్లోనే చాలాసార్లు విన్నాం. ఆ ఫోటోలు మనలో సగం మంది ఇళ్ళలో టీవీ పక్కన ఉన్నాయి. వాటి జోలికి పోను. డబ్బు కట్టి, ఏమీ లేని చోట, నేల మీద ఒక రాత్రి పడుకున్న సంగతి చెబుతాను.

మనకు క్యాంపు అంటే టూరు. టూరు ప్రోగ్రాము, దాని వెనక టి.ఏ. బిల్లు, దాని వెనక ఆడిట్ వారి అభ్యంతరం. అక్కడ క్యాంపింగ్ అంటే సెలవు రోజున సొంత డబ్బుతో ఆరుబయట పడుకోవడం. దీనికోసం ప్రతి రాష్ట్రానికీ స్టేట్ పార్కులున్నాయి. పార్కు అన్నారు కదా అని మన మునిసిపాలిటీ పార్కులా నాలుగు బెంచీలు, ఒక ఫౌంటెన్ ఊహించుకోకండి. వందల, వేల ఎకరాల అడవి, గుట్ట, నది ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. అందులో బస చేసే చోట్లు రకరకాలు. కొన్నింటికి కరెంటు, నీళ్ళ కనెక్షను ఉంటుంది. బస్సంత బండి తెచ్చి ఆపుకుని, ఏసీ వేసుకుని పడుకుంటారు. అది ఇల్లు కదిపి తెచ్చుకోవడమే, నన్నడిగితే. కొన్నింటికి దగ్గర్లో కుళాయి, స్నానాల గదులు ఉంటాయి, కారు పక్కనే డేరా వేసుకోవచ్చు. చివరి రకం ప్రిమిటివ్ క్యాంప్‌సైటు. నిఘంటువు చూస్తే ఆదిమ అనే అర్థం వస్తుంది. మన పాత మాట మజిలీ దీనికి బాగా సరిపోతుందని నా అభిప్రాయం. కారు వదిలేసి నడిచి వెళ్ళాలి. కరెంటు లేదు, కుళాయి లేదు. ఒక నంబరు వేసిన గుంజ, దాని పక్కన డేరా పట్టేంత జాగా, అంతే.

మా అబ్బాయి ఉండేది టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగరం పక్కన. అక్కడికి పడమరగా రెండు గంటల దూరంలో, ఫ్రెడరిక్స్‌బర్గ్ అనే ఊరి దగ్గర, ఎన్‌చాంటెడ్ రాక్ అనే గులాబి రంగు గ్రానైటు గుట్ట ఉంది. పేరుకు అర్థం మంత్రపు రాయి అనుకోండి. నేల నుంచి 425 అడుగుల ఎత్తు. వయసు సుమారు 100 కోట్ల సంవత్సరాలు. టోంకవా, అపాచీ, కొమాంచీ తెగల వాళ్ళకు అది పవిత్ర స్థలం. తర్వాత చాలాకాలం ప్రైవేటు ఆస్తిగా ఉండి, 1978లో నేచర్ కన్జర్వెన్సీ అనే సంస్థ కొని రాష్ట్రానికి అప్పగించడంతో ప్రజలదైంది.

ఈ చివరి మాట మీద ఒక్క నిమిషం ఆగుతాను. టెక్సాస్‌లో నూటికి తొంభై ఎకరాలకు పైగా ప్రైవేటు వారివే. కంచె లేని చోటు దొరకడం కష్టం. అలాంటి చోట 1923లో పాట్ నెఫ్ అనే గవర్నరు పట్టుబట్టి స్టేట్ పార్కుల బోర్డు ఏర్పాటు చేయించాడు. అంతకు ముందే ఆయన తల్లి ఇసబెల్లా నెఫ్ లియాన్ నది ఒడ్డున తన 6 ఎకరాలు ప్రజల వాడుకకని వీలునామా రాసింది. ఆ పార్కును ఇప్పటికీ మదర్ నెఫ్ అనే పిలుస్తారు. మనం చూసిన మనుషుల్లో తల్లి పేరు మీద సత్రం కట్టించిన వారున్నారు, చెరువుకు మెట్లు కట్టించిన వారున్నారు. ఇదీ అలాంటిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ ఏదీ కట్టకుండా ఉంచడానికి ఇచ్చారు.

ఇక మా ప్రయాణం. 2023 నవంబరు. దీపావళి వెళ్ళిన శుక్రవారం. అది మన క్యాలెండరు ప్రకారం నాగుల చవితి. మా ఆవిడది గుంటూరు వైపు. "చవితి నాడు పాముల అడవికి తీసుకుపోతారుట్రా ఎవరైనా?" అని కొడుకును నిలదీసింది. అక్కడ తోక గలగలలాడించే రాటిల్ స్నేకులున్న మాట నిజమే. వాడు, "పుట్ట దగ్గరికే వెళుతున్నాం అనుకో అమ్మా" అన్నాడు. కోడలికి ఆ వారాంతం డ్యూటీ. నేను, మా ఆవిడ, అబ్బాయి, పదేళ్ళ మనవడు, నలుగురం. నాకు 2019లో స్టెంటు వేశారు కాబట్టి ఇంట్లో ఒక వారం చర్చ జరిగింది. చివరికి, గుట్ట ఎక్కడం నా ఇష్టం, బరువు మాత్రం వాడు చెప్పినంతే మోయాలి అని ఒప్పందం కుదిరింది. పార్కు వారి దగ్గర నెలల ముందే రిజర్వు చేశాడు. చలికాలం శనాదివారాల్లో కారు పెట్టే చోటు నిండితే గేటు మూసేస్తారట.

సామాను సర్దేటప్పుడు అసలు విషయం తెలిసింది. అక్కడ తాగే నీరు దొరకదు. మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే సుమారు 4 లీటర్లు మోసుకుపోవాలి. నలుగురికి 16 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు, ఇది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 36 ఏళ్ళు నీటిపారుదల శాఖలో పనిచేశాను. నీటిని క్యూసెక్కుల్లో లెక్కపెట్టాను, టీఎంసీల్లో లెక్కపెట్టాను. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్ల పైచిలుకు. ఆ అంకెలు వేసిన చేత్తో ఆ రోజు ఒక కాగితం మీద రాసింది ఇదీ: అబ్బాయికి 9 లీటర్లు, నాకు 3, మా ఆవిడకు 2, మనవడికి 2. నా సర్వీసులో వేసిన అన్ని ఎస్టిమేట్లలోకీ చిన్నది. దాని మీద నలుగురం అరగంట వాదించుకున్నాం.

నడవాల్సింది రెండు మైళ్ళ లోపే. మాస్ లేక్ అనే చిన్న చెరువు పక్కన మా చోటు. దారి పొడుగునా నాకు కొత్త దేశంలా అనిపించలేదు. నాగజెముడు డొంకలు డొంకలుగా ఉంది. మన పొలం గట్ల మీద కనిపించే ఆ నాగజెముడు అసలు పుట్టిల్లు అమెరికా ఖండమే. మెస్కీట్ అని ఒక ముళ్ళ చెట్టు. దగ్గరకు వెళ్ళి ఆకు చూస్తే మన సర్కారు తుమ్మకు దాయాది. కాలువ గట్ల మీద ఆ సర్కారు తుమ్మ కొట్టించడానికి నేను పెట్టిన ఇండెంట్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. గుట్టను చూస్తే అచ్చం మన భువనగిరి. అదే నున్నటి ఏకశిల, అదే గుండ్రటి వీపు. ఉల్లిపొర ఊడినట్టు రాయి పొరలు పొరలుగా విడిపోతుంది. లోపల అణిగి ఉన్న రాయి మీద బరువు తగ్గేకొద్దీ అలా పగులుతుంది. మన హైదరాబాదు చుట్టుపక్కల రాళ్ళు దానికంటే ముసలివి, 250 కోట్ల ఏళ్ళవి. మనవడికి ఆ మాట చెబితే, "అయితే వాటికీ పార్కు ఉందా తాతయ్యా?" అని అడిగాడు. మణికొండలో, గచ్చిబౌలిలో ఆ రాళ్ళకు తూటాలు పెట్టి లేపిన చప్పుళ్ళు మనం విన్నవాళ్ళం. "భువనగిరి ఉంది" అని మాత్రం చెప్పాను.

డేరా వేయడంలో నా అనుభవం పనికొస్తుందనుకున్నాను. కొంత పనికొచ్చింది. నీరు ఎటు పారుతుందో చూసి, తలాపు మెరక వైపు పెట్టమన్నాను. మన రోజుల్లో కాన్వాసు డేరా వేశాక చుట్టూ గాడి తవ్వించేవాళ్ళం, వాన నీరు లోపలికి రాకుండా. అక్కడ అది నిషిద్ధం. నేల మీద గీత కూడా పెట్టకూడదు. కట్టెల మంట వేయకూడదు, చిన్న గ్యాసు స్టవ్ మాత్రమే. గిన్నెలు కడిగితే చెరువుకు 200 అడుగుల దూరంలో కడగాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు. తెచ్చినదంతా, నారింజ తొక్కతో సహా, తిరిగి మోసుకుపోవాలి. చెత్తబుట్ట ఉండదు. డేరా బరువు మూడు కిలోలు. మనవడూ వాడి నాన్నా పది నిమిషాల్లో నిలబెట్టారు. మన పాత డేరాకు నలుగురు మనుషులు, ఒక ఎడ్లబండి.

సోదరీమణులు అడగలేక అడగాలనుకునే విషయం కూడా చెబుతాను. మరుగుదొడ్డి ఉంది. కొంచెం దూరంలో, నీళ్ళు అక్కర్లేని కంపోస్టు దొడ్డి. శుభ్రంగానే ఉంది. మన అలవాటుకు కావలసిన నీళ్ళు మాత్రం ఆ 16 లీటర్లలోంచే తీసుకోవాలి. మా ఆవిడ బయల్దేరే ముందే దానికని ఒక సీసా గుర్తు పెట్టి వేరుగా ఉంచింది. ఆ బుద్ధి మా ముగ్గురు మగాళ్ళలో ఎవరికీ పుట్టలేదు. ఆవిడే చింతపండు పులిహోర, కాల్చిన అప్పడాలు, పల్లీల పొడి తెచ్చింది. పక్క డేరాల వాళ్ళు పొడి ప్యాకెట్లలో వేడినీళ్ళు పోసుకుని తింటుంటే మేము విస్తరి భోజనం చేసినట్టే తిన్నాం. మిగిలినది సంచిలో కట్టి కొమ్మకు వేలాడదీశాం. రకూన్ అని పిల్లిలాంటి జంతువు ఉంది, డేరా జిప్పు కూడా తీస్తుందట.

చీకటి పడింది. ఈ గుట్ట పార్కుకు 2014లో డార్క్ స్కై పార్కు అనే గుర్తింపు వచ్చింది. అంటే చీకటిని చెడనివ్వని చోటు. దీపాలు నేల చూపుతో ఉంటాయి. చవితి చంద్రుడు పది లోపే దిగిపోయాడు. పాలపుంత కనబడింది. మిత్రులారా, నేను దాన్ని కళ్ళారా చూసి నలభై ఏళ్ళయింది. కార్తీకం కదా, నడినెత్తి వైపు కృత్తికలు. మా ఊళ్ళో పిల్లలకోడి అనేవాళ్ళం. దాని వెనకే తూర్పున మూడు చుక్కలు వరసగా లేచాయి. మనవడు, "ఓరియన్స్ బెల్ట్!" అని అరిచాడు. మేము దాన్ని గొల్లకావడి అంటాం అన్నాను. కావడి అంటే ఏమిటన్నాడు. బద్ద, రెండు చివర్లా రెండు తట్టలు, భుజం మీద మోస్తారు అని చూపించాను. ఎవరు మోసేవారు, నువ్వు చూశావా అన్నాడు. అక్కడి నుంచి కథ నల్లమలకు వెళ్ళింది.

1981 నుంచి 1983 దాకా నేను అమ్రాబాద్ వైపు అడవిలో సర్వే క్యాంపులో ఉన్నాను. అప్పుడు సూపర్‌వైజరు ఉద్యోగం. ఇలాంటి పార్టీల్లో పనిచేసిన వారు ఈ హాల్లో కనీసం పదిమంది ఉంటారు. లెవెల్ పుస్తకాలు, గొలుసులు, కొడవళ్ళతో లైను కొట్టే మనుషులు, రాత్రిళ్ళు ఎలుగుబంటి భయం. క్యాంపు గట్టు మీద. నీళ్ళు కింద వాగు చెలమలో. ఎక్కడం దిగడం కలిపి మూడు మైళ్ళు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు ఒక మనిషి కావడితో నీళ్ళు తెచ్చేవాడు. రెండు కిరసనాయిలు డబ్బాలు. డబ్బాకు 18 లీటర్లు, అంటే ఒక్కో కావడికి 36 కిలోలు. తొమ్మిది మందిమి వండుకునేవాళ్ళం, తాగేవాళ్ళం, రోజూ స్నానాలు చేసేవాళ్ళం. అతను ఎన్.ఎం.ఆర్. మనిషి. మస్టర్ రోల్లో పేరు రాసింది నేనే, హాజరు పెట్టింది నేనే.

మా అబ్బాయి పుట్టింది 1982లో, నేను ఆ గట్టు మీద ఉండగానే. టెలిగ్రాం డివిజన్ ఆఫీసుకు, అక్కడి నుంచి జీపులో రోడ్డు మీది ఊరికి వచ్చి మూడో రోజుకు చేరింది. అది సాయంత్రం కావడి ముగిసిన తర్వాత. తెల్లారి తెచ్చినా అడిగేవారు లేరు. అతను చీకట్లో, చేతిలో ఒక కాగడాతో, ఐదోసారి గట్టెక్కి వచ్చాడు. చొక్కా లోపల మడత పెట్టిన కాగితం తీసిచ్చి, "సారూ, ఇంటికాడికెళ్ళి వచ్చిందంట" అన్నాడు. చదివి చెబితే తనే ముందు నవ్వాడు. ఆ రాత్రి కిందికి పోకుండా వంటడేరాలో పడుకున్నాడు.

ఇది నేను మా వాడికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, అలాంటి సందర్భం రాలేదు. వాడు పెరిగినన్నాళ్ళు నేను ఒక క్యాంపులో ఉంటే వాడు ఒక హాస్టల్లో ఉన్నాడు. చీకట్లో వాడి ముఖం కనిపించలేదు కానీ చాలాసేపు మాట్లాడలేదు. తొమ్మిది లీటర్లు మోసినందుకు ఆ సాయంత్రం నుంచి భుజం పిసుక్కుంటున్నాడు. చివరకు, "ముప్పై ఆరు కిలోలా నాన్నా, నాలుగుసార్లా?" అన్నాడు. అవునన్నాను. "ఆయన ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాడు. నాకు తెలియదురా అన్నాను. మా ఆవిడ డేరా లోపలి నుంచి, "ఆ టెలిగ్రాం ఇప్పటికీ ఉంది, నా బీరువాలో" అంది.

ఆ గుట్ట రాత్రిళ్ళు మూలుగుతుందని అక్కడి పాత తెగల వాళ్ళు నమ్మేవారు. పగలు వేడెక్కిన రాయి రాత్రి చల్లబడి కుదించుకుంటే ఆ చప్పుడు వస్తుందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. మనవడు విన్నానంటాడు. నేను వినలేదు, వినికిడి యంత్రం తీసి బూటులో పెట్టి పడుకున్నాను. చలి బాగానే ఉంది, ఏడెనిమిది డిగ్రీలు. పరుపు పల్చన. నాలుగింటికి లేచి కూర్చుంటే మా వాడూ బయట కూర్చుని ఉన్నాడు. టీ పెట్టాడు. గ్లాసు కడగడానికి రెండు చెంచాల నీళ్ళు వాడాడు. నేను కొలవలేదు కానీ రెండు చెంచాలే.

పొద్దున్న చుట్టూ తిరిగి ముందు వైపుకు వచ్చి గుట్ట ఎక్కాం. నేను మూడుచోట్ల కూర్చున్నాను. మా ఆవిడ చెప్పులు చేతబట్టుకుని, కొండ కాబట్టి, ఒక్కచోటా కూర్చోకుండా ఎక్కింది. పైన రాతిలో గుంటలున్నాయి. వాన పడినప్పుడు నీరు నిలుస్తుంది. వెంట్రుకంత రొయ్యలు అందులో పుడతాయి. నీరు ఎండిపోతే వాటి గుడ్లు ఆ ఎండు మట్టిలోనే ఉండి, మళ్ళీ వాన పడ్డాక పొదుగుతాయి. అందుకే ఎండినా సరే ఆ గుంటల్లో కాలు పెట్టవద్దంటారు. ఆ మాట విన్నాక ఖాళీ గుంట పక్క నుంచి కూడా జాగ్రత్తగా నడిచాం.

కారు దగ్గరకు వచ్చేసరికి రెండున్నర లీటర్ల నీళ్ళు మిగిలాయి. చెత్త సంచి నేను మోశాను, అర కిలో ఉంటుంది.

ఇప్పుడు వెళ్ళదలచుకున్న వారికి నాలుగు మాటలు. ఎండాకాలం వద్దు, టెక్సాస్ ఎండ మన రామగుండం ఎండకు తీసిపోదు. నవంబరు నుంచి మార్చి మంచిది. గుండె, మోకాళ్ళ సంగతి డాక్టరును అడిగి వెళ్ళండి. మన ట్రావెల్ ఇన్సూరెన్సు పాలసీలు చాలావరకు పాత జబ్బులకు పూర్తిగా వర్తించవు, చదివి సంతకం పెట్టండి. అక్కడ సెల్ సిగ్నలు మీద ఆధారపడవద్దు, ఇంట్లో ఉండేవారికి ఎప్పటికి తిరిగొస్తారో చెప్పి బయల్దేరండి. అన్నిటికంటే ముఖ్యం, మొదటిసారి రెండు మైళ్ళకు మించిన చోటు తీసుకోవద్దు. మీ పిల్లలు ఐదు మైళ్ళది చూపిస్తారు. వాళ్ళకు మన వయసు గుర్తుండదు.

ఒక విన్నపం చేసి ముగిస్తాను. 1993 నవంబరు నాటికి ఐదేళ్ళు నిండిన ఎన్.ఎం.ఆర్.లను 1994లో జి.ఓ. 212 కింద రెగ్యులర్ చేశారని మీకందరికీ తెలుసు. అలా వచ్చినవారు మన సంఘంలోనూ ఉన్నారు. మా సర్వే 1983లో ముగిసింది, మస్టర్ మూసేశారు, కాబట్టి అతను ఆ లెక్కలోకి వచ్చే అవకాశం లేదు. వయసు నాకంటే నాలుగైదేళ్ళు ఎక్కువ ఉంటుంది. ఆ మూడేళ్ళలో అమ్రాబాద్, మన్ననూరు వైపు పార్టీల్లో పనిచేసినవారు, లేదా ఆ తర్వాత ఆ దారిలో పనిచేసినవారు ఈ సభలో ఎవరైనా ఉంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. అతని పేరు, ఊరు పేరు నా దగ్గరున్నాయి. సంక్రాంతికి మా వాడు వస్తున్నాడు. ఇద్దరం కలిసి ఆ ఊరు వెళ్ళాలని టికెట్టు కొనేటప్పుడే అనుకున్నాం.